కళ్లం మీద కప్పు, గుర్రం మీద అటక

ఇంగ్లండ్ పల్లెల్లో కనిపించే పాత బార్న్‌ను గడ్డి దాచుకునే పెద్ద షెడ్డు అనుకుంటే దాని కట్టుబడి ఒక్క ముక్కా అర్థం కాదు. అది కప్పేసిన కళ్లం. అక్కడ కోతలు ఆగస్టు, సెప్టెంబరుల్లో అయిపోతాయి. యంత్రాలు రాకముందు నూర్పిడి మాత్రం నవంబరు నుంచి మార్చి దాకా, చలికాలమంతా కొద్దికొద్దిగా సాగేది. ఆ చినుకుల్లో, మంచులో ఆరుబయట కళ్లం చేయడం అయ్యే పని కాదు. అందుకని పనలు పేర్చే చోటు, నూర్చే చోటు, తూర్పారబట్టే చోటు మూడూ ఒకే కప్పు కిందికి వచ్చాయి.

బార్న్ పొడవును అంకణాల్లో లెక్కపెడతారు. రెండు దూలాల మధ్య దూరం ఒక అంకణం, మామూలుగా 15, 16 అడుగులు. చిన్న రైతుది మూడంకణాల బార్న్: మధ్యలో కళ్లం, ఒక పక్క నూర్చాల్సిన పనలు, రెండో పక్క నూర్చేశాక మిగిలిన గడ్డి. పెద్ద కమతాల్లో ఇదే అమరికను రెండు మూడు కళ్లాలతో పొడిగించారు. కళ్లానికి ఎదురెదురుగా రెండు గుమ్మాలుంటాయి. వాకిలి వైపు గుమ్మం పనలతో నిండిన బండి పట్టేంత ఎత్తు. వెనక గుమ్మం చాలాచోట్ల పొట్టిది, ఎందుకంటే బండి ఖాళీ అయ్యాకే అటుగా బయటికి పోతుంది. రెండూ బార్లా తెరిస్తే గాలి సూటిగా దూసుకుపోతుంది. తూర్పారబట్టేది ఆ గాలిలోనే.

కళ్లం నేలకు మంచి చోట రెండు, రెండున్నర అంగుళాల మందం ఓక్ లేదా ఎల్మ్ పలకలు పరిచేవారు. లేనివాళ్లు బంకమట్టిని దిమ్మిసతో గట్టిపరిచేవారు. రాతి నేల మన్నుతుంది గానీ నూర్పుడు కోల దెబ్బకు గింజ చితుకుతుంది. చెక్కకు కాస్త ఎగిరే గుణం ఉంది కాబట్టి దానికే ఓటు. తలుపు రెక్కలు చాలాచోట్ల నేల దాకా రావు. అడుగున వదిలిన ఖాళీలో, గుమ్మం నిలువులకు కోసిన గాడుల గుండా అడ్డపలకలు దింపేవారు. గింజ బయటికి చిట్లిపోకుండా, పందులూ కోళ్లూ లోపలికి రాకుండా ఆ ఏర్పాటు. పలకలు ఎప్పుడో పోయి ఉంటాయి. గాడులు మాత్రం ఇంకా దొరుకుతాయి, తలుపు మార్చే వడ్రంగి వాటిని చెక్క కూరి మూసేయకపోతే.

ఈ కట్టడాల్లోకి ఇటుక ఆలస్యంగా వచ్చింది. ఎసెక్స్‌లోని క్రెసింగ్ టెంపుల్ అనే చోట 13వ శతాబ్దపు బార్న్‌లు రెండున్నాయి. రెండింటినీ నిలబెట్టింది చెక్క చట్రమే. ఆ రోజుల్లో ఇటుకతో బార్న్ కట్టడమంటే డబ్బు చూపించుకోవడం. నార్‌ఫోక్‌లో హేల్స్ హాల్ బార్న్ అలాంటిది. 15వ శతాబ్దం చివర్లో, ఏడో హెన్రీ రాజుకు అటార్నీ జనరల్‌గా ఉన్న సర్ జేమ్స్ హోబర్ట్ కట్టించాడు. 50 మీటర్లు దాటిన పొడవు, పైన రెల్లు కప్పు. హాంప్‌షైర్‌లో ఓల్డ్ బేసింగ్ దగ్గరి ట్యూడర్ రాజుల (1485–1603) కాలపు ఇటుక బార్న్ 1640లలో అంతర్యుద్ధపు ముట్టడిని చూసి కూడా నిలబడింది. మామూలు రైతు వాకిట్లోకి ఇటుక దిగింది 17, 18 శతాబ్దాల్లో. కలప ఖరీదైంది, ఇటుక బట్టీలు ఊరూరా వెలిశాయి, ఎస్టేట్ల యజమానులు కౌలుదార్లకు పద్ధతిగా కొట్టాలు కట్టించి ఇవ్వసాగారు. ఆ చివరి దశకు నార్‌ఫోక్‌లోని హోకమ్ ఎస్టేట్ గ్రేట్ బార్న్ మంచి నమూనా. ఎస్టేట్ యజమాని థామస్ కోక్ కోసం వాస్తుశిల్పి శామ్యూల్ వయట్ గీసిన డిజైన్ అది.

కంతల సంగతి

ఇటుక బార్న్ దగ్గర ముందు చూడాల్సింది గోడలోని ఖాళీలు. మట్టి మెత్తిన తడిక గోడ, చెక్క పలకల గోడ తమంతట తాము ఎంతో కొంత గాలి వదులుతాయి. ఇటుక గోడ వదలదు, గాలికి దారి మేస్త్రి పెట్టాలి. పనలు తడిగా ఉండగా గాలాడకుండా పేరిస్తే వేడెక్కి బూజు పడతాయి. పచ్చి ఆరని ఎండుగడ్డి అయితే లోపల్లోపల ఉడికి తనంతట తాను అంటుకోవచ్చు కూడా.

దారులు రెండు రకాలు. ఒకటి నిలువు చీలిక: బయట నాలుగంగుళాల వెడల్పు, లోపలికి వచ్చేసరికి అడుగు పైగా విచ్చుకుంటుంది. బయట సన్నం కాబట్టి వాన కొట్టదు, లోపల విశాలం కాబట్టి వచ్చిన కాస్త వెలుగు పరుచుకుంటుంది. రెండోది తేనెపట్టు జాలీ: అక్కడక్కడ ఒక్కో ఇటుక వదిలేస్తూ డైమండ్ ఆకారంలో కంతలు. స్టఫర్డ్‌షైర్, చెషైర్, ష్రాప్‌షైర్ వైపు ఇది బాగా కనిపిస్తుంది. ఊరి మేస్త్రి తన చేతివాటం చూపించుకునేది ఇక్కడే.

వీటితో కలిపి పొరబడేవి పరంజా కంతలు. కట్టేటప్పుడు గోడలో గుచ్చిన కర్రల తాలూకు ఆ చదరపు రంధ్రాలు గోడంతా నాలుగైదు అడుగుల ఎత్తుకోసారి, ఒకే మట్టంలో వరసగా వస్తాయి. గుమ్మం ఉందా, మూల ఉందా అని చూడకుండా పోతాయి. గాలి కంతలు మాత్రం పనలు పేర్చే అంకణాల్లోనే ఉంటాయి. కప్పు వాలు కింద త్రికోణంగా లేచే పక్క గోడను గేబుల్ అంటారు. దాని పైభాగాన కనిపించే ఒంటరి రంధ్రం గుడ్లగూబ కోసం. ఎలుకల పని పట్టే జీతం లేని కాపలాదారు కాబట్టి దానికి లోపల కూర్చునే పలక కూడా వేసేవారు.

వయసు చెప్పే ఇటుక

కొలటేపు ఉంటే సగం చరిత్ర బయటపడుతుంది. 1571లో లండన్ ఇటుక, పెంకు పనివాళ్ల సంఘానికి ఇచ్చిన చార్టరులో ఇటుక కొలత 9 × 4¼ × 2¼ అంగుళాలు. ట్యూడర్ ఇటుక సన్నంగా, వంకరటింకరగా ఉంటుంది, సందులు లావు. 18వ శతాబ్దానికి మందం రెండున్నర అంగుళాలకు పెరిగింది. 19వ శతాబ్దంలో మిడ్‌లాండ్స్, ఉత్తర జిల్లాల్లో మూడంగుళాలు. 1784లో ప్రభుత్వం వెయ్యి ఇటుకలకు 2 షిల్లింగుల 6 పెన్నీల పన్ను వేసింది. లెక్క ఇటుకల సంఖ్య మీద కాబట్టి కొందరు బట్టీదార్లు అచ్చు పెద్దది చేశారు. తర్వాత 10 × 5 × 3 అంగుళాలు దాటినవాటికి పన్ను రెట్టింపు చేసి ఆ తెలివికి గండి కొట్టారు. 1850లో పన్నే ఎత్తేశారు. పెద్ద ఇటుక కనిపించగానే పన్ను కాలమని తేల్చేయకూడదు, అలాగే సన్న ఇటుక కనబడగానే ట్యూడర్ అని మురిసిపోకూడదు. పాత భవనం పడగొట్టిన ఇటుకలతో కొత్త కొట్టం కట్టుకోవడం పల్లెల్లో మామూలే. ఒక్క ఇటుకతో తేల్చకుండా గోడ మొత్తం చూడాలి. నాలుగు వరసల ఎత్తును ఒకేసారి కొలిచి, మూడు నాలుగు చోట్ల పోల్చడం మంచి పద్ధతి.

ఇటుకల వరసలు పేర్చిన తీరు కూడా సాక్ష్యమే, దాన్నే బాండ్ అంటారు. గోడ వెంట పొడవుగా పడుకునే ఇటుక స్ట్రెచర్. గోడ మందంలోకి దూరి చిన్న ముఖం బయటపెట్టేది హెడర్. ఒక వరస అంతా హెడర్లు, పై వరస అంతా స్ట్రెచర్లు అయితే ఇంగ్లిష్ బాండ్: గట్టిది, పాతది. ఒకే వరసలో రెండూ మార్చి మార్చి వస్తే ఫ్లెమిష్ బాండ్. 1631 నాటి క్యూ ప్యాలెస్ దీనికి ఇంగ్లండ్‌లో తొలి ఉదాహరణల్లో ఒకటి. మూడు నుంచి అయిదు స్ట్రెచర్ వరసలకు ఒక్క హెడర్ వరస వేస్తే గార్డెన్ వాల్ బాండ్. పని త్వరగా అవుతుంది, బిగువు తక్కువ. యజమాని ఇంటికి కనబడే గోడ ఫ్లెమిష్‌లో, పొలం వైపు గోడ గార్డెన్ వాల్ బాండ్‌లో ఉండటం సర్వసాధారణం. ఎవరు చూస్తారన్న లెక్క గోడ మీద రాసిపెట్టినట్టే.

ఖర్చు తగ్గించుకోవడంలో అన్నిటికంటే ముందుకు పోయింది రాట్ ట్రాప్ బాండ్. ఇందులో ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు. రెండు స్ట్రెచర్ల మధ్య బోలు మిగులుతుంది, వాటిని హెడర్లు కలుపుతాయి. సున్నంతో కలిపి ఇటుక 9 × 4½ × 3 అంగుళాలనుకుంటే, ఫ్లెమిష్ బాండులో మూడు ఇటుకలు 40½ చదరపు అంగుళాల గోడ ముఖం ఇస్తాయి. రాట్ ట్రాప్‌లో అవే మూడు 54 చదరపు అంగుళాలు ఇస్తాయి. అంటే ఇటుకల్లో పావు వంతు ఆదా. దానికి చెల్లించే మూల్యమూ ఉంది: బోలు గోడ ఒక్కచోట పడే బరువు మోయలేదు. దూలం కూర్చునే చోట గట్టి దిమ్మె కట్టాలి. ఆ దిమ్మె లేకుండా తర్వాతి కాలంలో అటక దూలాలు గుచ్చిన చోట గోడ కడుపు ఉబ్బుతుంది.

స్కాట్లండ్‌కు చెందిన ఆండ్రూ మీకిల్ చేసిన నూర్పిడి యంత్రం 1780లలో వచ్చాక చేతి నూర్పిడికి రోజులు దగ్గరపడ్డాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో బార్న్ వెనకకు అతికించినట్టు గుండ్రంగానో బహుభుజిగానో ఉండే గది కనిపిస్తే, అందులో గుర్రాలు గానుగ తిప్పినట్టు తిరుగుతూ ఆ యంత్రాన్ని నడిపాయన్నమాట. ఆవిరి వచ్చాక అదీ పోయింది. పెద్ద గుమ్మాలు ఇటుకతో మూసి పశువుల కొట్టాలు చేశారు. వరసలు కలవకుండా పైనుంచి కింది దాకా నిట్టనిలువుగా గీసినట్టున్న సందు కనిపిస్తే అక్కడ పాత గుమ్మం ఉండేది, లేదా అక్కడినుంచి తర్వాత అతికిన గోడ మొదలవుతుంది.

గుర్రపుశాల

అదే బట్టీ ఇటుకతో, అదే వాకిట్లో కట్టినా శాలకు కావలసినవి వేరు. బార్న్‌లో వెలుగు అవసరం తక్కువ, శాలలో తెల్లవారుజామునే పని మొదలవుతుంది. అందుకే వీలైన చోట శాల ముఖం తూర్పుకు పెట్టేవారు. ఒక గుర్రం నిలబడే స్టాలు వెడల్పు ఆరడుగులు. శాల లోపలి పొడవును ఆరుతో భాగిస్తే ఎన్ని గుర్రాలుండేవో స్థూలంగా తెలుస్తుంది, రెండేసి గుర్రాలను ఒకే స్టాల్లో కట్టే పొలం శాలల్లో మాత్రం ఈ లెక్క తప్పుతుంది. వదులుగా తిరిగే గది, అంటే లూజ్ బాక్స్, 12 × 12 అడుగులు. తలుపు నాలుగడుగుల వెడల్పు, రెండు ముక్కలుగా: కింది ముక్క మూసి, పైది తెరిస్తే గుర్రం లోపలే ఉంటుంది, గాలి లోపలికి వస్తుంది. పశువుల కొట్టం తలుపు కంటే ఇది ఎత్తు. గుమ్మం పక్కల ఇటుకలు మూల చెక్కినట్టు గుండ్రంగా ఉంటాయి, గుర్రం తుంటి గీసుకోకుండా. కిటికీల్లో పైన అద్దం, కింద జరిపే పలకల జత. ఒక పలకకూ రెండో పలకకూ సందులు ఎదురైతే గాలి, తప్పితే మూత.

నేల విషయంలో స్టఫర్డ్‌షైర్ నీలి ఇటుకకు సాటి లేదు. ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టిని బట్టీలో గాలి తగ్గించి బాగా ఎక్కువ వేడికి కాలిస్తే ముదురు నీలం వస్తుంది, నీరు పీల్చదు. పైముఖాన గాళ్లు గీసి ఉంటాయి: గిట్ట జారదు, మూత్రం కాలువలోకి పారుతుంది. వాలు మరీ ఎక్కువైతే గుర్రం ఎప్పుడూ ఎగువకు నిలబడినట్టై కాలి నరాలు లాగుతాయి. అందుకే వాలు కాలువకు సరిపడా ఉంటే చాలు.

తలవైపు గోడకు దాణా వేసే గాడి, దానిపైన గడ్డి వేసే చట్రం, ఆ పైన అటక. అటకలోకి గడ్డి విసరడానికి బయటి గోడలో గుండ్రటి కంత ఉంటుంది, దాన్ని పిచింగ్ ఐ అంటారు. అటక నేల అంచున వదిలిన సందులోంచి గడ్డి నేరుగా ఆ చట్రంలోకి జారేది. తెలివైన ఏర్పాటులా కనిపిస్తుంది గానీ, గుర్రాల ఊపిరి, లద్ది ఆవిరి అదే సందులోంచి పైకెక్కి గడ్డిని పాడుచేసేవి, పైనుంచి దుమ్ము గుర్రం కళ్లలో పడేది. 19వ శతాబ్దంలో దీన్ని తప్పుపట్టి, ఎత్తైన కప్పు, కప్పు కొప్పులో గాలిగూడు ఉన్న శాలలు కట్టారు. పొట్టి కప్పు, అటక సందు ఉంటే పాతకాలపు ఆలోచన. గాలిగూడు, పోత ఇనుప స్తంభాలు ఉంటే 19వ శతాబ్దపు విక్టోరియా రాణి కాలం.

శాల గోడ అడుగు భాగానికి పట్టే రోగం వేరే. తరతరాల మూత్రం ఇటుకలో ఇంకి నైట్రేట్ లవణాలుగా మిగులుతుంది. ట్యూడర్, స్టూవర్ట్ రాజుల కాలంలో గన్‌పౌడరు కోసం సూరేకారం సేకరించే మనుషులు రాజు పత్రం చూపించి శాలల నేలలు, పావురాల గూళ్లు తవ్వుకుపోయేవారంటే ఆ మట్టిలో ఎంత నైట్రేటు ఉండేదో ఊహించవచ్చు. యజమాని ఒప్పుకోనిదే తవ్వకూడదని 1656లో గానీ చట్టం రాలేదు. ఈ లవణాలు గాలిలోని తేమను తాగుతాయి. అందుకే వాన లేకపోయినా, గోడ పునాది పొడిగా ఉన్నా, మూడడుగుల ఎత్తు దాకా చెమ్మ మరక కనిపిస్తుంది, తేమ మీటరు కూత పెడుతుంది. అది చూసి గోడకు రంధ్రాలు వేసి చెమ్మ నిరోధక రసాయనం ఎక్కించడం డబ్బు పారబోసుకోవడమే. నీరు కిందినుంచి రావడం లేదు కదా. చౌడు పట్టిన గచ్చు కొట్టేసి, మెత్తటి సున్నపు గచ్చు పూసి, అది లవణం పీల్చి రాలిపోయాక మళ్లీ పూయాలి. కొన్నేళ్లకోసారి బలి ఇచ్చే పూత అది. అక్కడ సిమెంటు పూస్తే లవణం ఇటుకను తింటుంది.

ఏది, ఎందుకు పాడవుతుంది

బార్న్ గోడ పైభాగం బయటికి వాలిందంటే తప్పు గోడలో వెతకొద్దు, కప్పులో వెతకాలి. వాలు వాసాలు గోడలను ఎప్పుడూ బయటికి తోస్తుంటాయి. ఆ తోపును పట్టి ఉంచేది అడ్డదూలం. గోడలో దూరిన దాని కొన చెమ్మకు కుళ్లుతుంది, లేదా ఎత్తైన యంత్రం పట్టడం కోసం ఎవరో దూలాన్నే కోసేసి ఉంటారు. మధ్యలో అడ్డగోడలు లేని పొడవాటి కట్టడం కాబట్టి ఒక దూలం పోతే ఆ అంకణం విచ్చుకుంటుంది. కుళ్లిన కొన వరకు కోసి కొత్త ఓక్ ముక్క అతకడం సరైన మందు. గోడల మీద S, X ఆకారపు ఇనుప బిళ్లలు కనిపిస్తే అక్కడ ఎప్పుడో ఇనుప కమ్మీతో రెండు గోడలనూ బిగించారని అర్థం. అది పాత జబ్బుకు పాత వైద్యం, కారణం తెలియకుండా తీయకూడదు.

కప్పు వాలు కూడా చూడాలి. సుమారు 50 డిగ్రీల వాలు మీద ఇప్పుడు స్లేటు ఉంటే ముందు రెల్లు కప్పో, చిన్న మట్టి పెంకో ఉండి ఉండాలి. ఆ మట్టి పెంకుకు 1477లోనే చట్టం కొలత పెట్టింది: 10½ × 6¼ అంగుళాలు, మందం అంగుళంలో 5/8 వంతు. స్లేటు బరువుకు సరిపడేలా కట్టిన సన్న వాసాల మీద కాంక్రీటు పెంకులు ఎక్కిస్తే నడుము వంగుతుంది.

నేల మట్టం ఇంకో శత్రువు. వందల ఏళ్ల పేడ, కంకర వాకిట్లో పేరుకుని బయటి నేల లోపలి నేల కంటే ఎత్తవుతుంది. దాన్ని లోపలి నేలకు 150 మిల్లీమీటర్లు కిందికి దించాలి, అయితే ముందు చిన్న గొయ్యి తీసి పునాది లోతు చూసుకుని. పాత బార్న్ పునాది అడుగు, అడుగున్నర లోతుకు మించకపోవచ్చు. పక్కనే దానికంటే లోతుగా కాలువ తవ్వితే గోడ కాళ్ల కింద మట్టి లాగేసినట్టే. లోపల కాంక్రీటు నేల పోస్తే భూమిలోని తేమకు గోడ తప్ప దారి మిగలదు.

ఇక సందుల సంగతి. మెత్తటి పాత ఇటుకల మధ్య సిమెంటు నింపితే తేమ సందులోంచి కాకుండా ఇటుకలోంచి ఆరాల్సి వస్తుంది. లవణాలు, గడ్డకట్టిన నీరు ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడతాయి. చివరకు సిమెంటు గీతలు గూళ్లలా ముందుకు పొడుచుకుని, ఇటుకలు లోపలికి తినేసి ఉంటాయి. మాలు ఎప్పుడూ ఇటుక కంటే మెత్తగా ఉండాలి.

చేసే తీరు ఇది. పాత మాలును సందు వెడల్పుకు రెండింతల లోతు, కనీసం 20 మిల్లీమీటర్లు, సన్న ఉలితో తీయాలి. గ్రైండరు వాడితే నిలువు సందుల దగ్గర ఇటుక అంచు తెగుతుంది. బ్రష్షుతో దుమ్ము దులిపి తడపాలి, లేకపోతే పొడి ఇటుక మాలులోని నీళ్లు పీల్చేసి అది పిండిలా రాలుతుంది. మెత్తటి ఇటుకకు, తక్కువ బలం గల నాచురల్ హైడ్రాలిక్ లైమ్ (నీటితో గట్టిపడే సున్నం) ఒక పాలు, రకరకాల సైజు రేణువులున్న గరుకు ఇసుక మూడు పాళ్లు బాగా పడతాయి. నొక్కి నింపి, బొటనవేలు దిగనంత గట్టిపడ్డాక గట్టి బ్రష్షుతో మెల్లగా కొడితే ఇసుక రేణువు తేలి పాత సందులతో కలిసిపోతుంది. తడి గోనెపట్టా కప్పి కనీసం వారం కాపాడాలి. ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపు ఉంటే పని ముట్టుకోకూడదు. ఇటుకే మార్చాలంటే ఇప్పటి 65 మిల్లీమీటర్ల ఇటుక పాత వరసకు కూర్చోదు. చెడిన ఇటుకను జాగ్రత్తగా ఊడదీసి వెనకవైపు ముందుకు తిప్పి పెట్టడం తరచు కుదురుతుంది. పాత ఇటుకల డిపోలో కొనేటప్పుడు చూసుకోవాలి: గోడ లోపలి భాగంలో వాడిన సరిగా కాలని ఇటుకలు కూడా ఆ కుప్పలో ఉంటాయి, బయట పెడితే రెండు చలికాలాల్లో మట్టవుతాయి.

ఇల్లుగా మార్చే ఆలోచన ఉంటే చట్టం ముందు వస్తుంది. లిస్టెడ్ కట్టడాన్ని, అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వ జాబితాలో చేర్చినదాన్ని, దాని స్వభావం మారేలా ముట్టుకోవాలంటే అలాంటి కట్టడాల కోసం తెచ్చిన 1990 చట్టం కింద అనుమతి కావాలి. లేకుండా చేస్తే అది నేరం, జైలు శిక్ష రెండేళ్ల దాకా పడవచ్చు. లిస్టులో ఇంటి పేరే ఉన్నా, దాని ఆవరణలో 1948 జూలై 1కి ముందునుంచీ ఉన్న శాల, బార్న్ కూడా సాధారణంగా ఆ రక్షణలోకే వస్తాయి. కొట్టాలను ఇళ్లుగా మార్చుకోవడానికి ఉన్న క్లాస్ క్యూ వెసులుబాటు లిస్టెడ్ కట్టడాలకు వర్తించదు. గాలి చీలికలను కిటికీలుగా పెద్దవి చేయమంటే అధికారులు ఒప్పుకోవడం కష్టం. లోపలి అంచున అద్దం బిగిస్తే బయటికి చీలిక చీలికలాగే ఉంటుంది. పెద్ద గుమ్మంలో అద్దాన్ని అడుగు, రెండడుగులు లోపలికి జరిపి, పాత తలుపులను కీలు మీద అలాగే ఉంచితే బయటనుంచి అది ఇంకా బార్న్‌లాగే కనిపిస్తుంది.

అసలు ఆలస్యం చేసేది గబ్బిలాలు. అవి ఆ రోజు లేకపోయినా వాటి నివాసానికి రక్షణ ఉంది. గూడు కట్టిన బార్న్ ఔల్ అనే జాతి గుడ్లగూబను కదిలించడమూ వన్యప్రాణుల రక్షణకు తెచ్చిన 1981 చట్టం ప్రకారం నేరమే. గబ్బిలాలు బయటికొచ్చే వేళ చూసి లెక్కించే సర్వేకు మే నుంచి సెప్టెంబరు దాకానే అదను. సున్నపు పనికీ దాదాపు అవే నెలలు. అందుకని ఒక వేసవి సర్వేకు, ఆపై చలికాలం అనుమతులకు, ఓక్ ముక్కలు కోయించుకోవడానికి పోతుంది. తాపీ పట్టేది ఆ తర్వాతి ఏప్రిల్‌లోనే.